హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లకు ఇంటి దగ్గరే మానిటరింగ్ మొదలుపెడుతున్నాం. అలర్టు వస్తే ఎవరు చూడాలి?

డెల్టా సిస్టర్

అందరికీ నమస్కారం. నేను భీమవరం వైపు 60 పడకల ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. 14 ఏళ్ల సర్వీసు, అందులో ఎక్కువ భాగం ఐసీయూలోనే. మా ఫిజీషియన్ గారు రోజూ ఉంటారు. కార్డియాలజిస్టు గారు విజయవాడ నుంచి వారానికి రెండు రోజులు వస్తారు. గుండె పంపింగ్ తగ్గినవాళ్లకి ఇంటి దగ్గరే బరువు, బీపీ చూసుకునే కిట్లు ఇవ్వాలని మేనేజ్‌మెంటు అనుకుంటోంది. ముందు 20 మందికి ఇస్తారట. ఆ పని నాకు అప్పజెప్పారు. నాకు ఇష్టమే, కానీ భయంగా కూడా ఉంది. ఎందుకో చెప్తాను.

జనవరిలో రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే ఒక పెద్దాయన మా దగ్గర చేరారు. 62 ఏళ్లు, పంపింగ్ 30 శాతం. కాళ్లకీ పొట్టకీ నీరు పట్టేసింది. ఆరు రోజులు ఉంచి, నీరు తీసి, 58.4 కిలోల బరువుతో ఇంటికి పంపాం. డిశ్చార్జి కాగితాలు ఇచ్చింది నేనే. మందులు ఎలా వేసుకోవాలో చెప్పాను, ఉప్పు తగ్గించమన్నాను, "రోజూ బరువు చూసుకోండి బాబాయ్" అన్నాను. ఆయన తలూపారు. ఇంట్లో బరువు చూసే మిషను ఉందా అని నేను అడగలేదు.

11వ రోజు రాత్రి 2 గంటలకి ఆటోలో తీసుకొచ్చారు. పడుకోలేక, వెనక్కి ఆనుకోలేక, డ్రైవరు సీటు వెనకున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి కూర్చుని ఉన్నారు. దించుదామని చేతులు విడిపించబోతే వదల్లేదు. "ఊపిరి నీళ్లల్లో ఉన్నట్టుందమ్మా" అన్నారు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టకుండా కుర్చీలోనే లోపలికి తీసుకెళ్లాం. నిలబడే ఓపిక రాగానే బరువు చూస్తే 63. అంటే 11 రోజుల్లో 4.6 కిలోల నీరు ఒంట్లో చేరింది. ఆ 11 రోజుల్లో అది ఎవరి కంటా పడలేదు.

ఆయన బతికి ఇంటికి వెళ్లారు. నేను ఆ కమ్మీ పట్టుకున్న చేతుల్ని మర్చిపోలేకపోతున్నాను. అందుకే ఈ పని సరిగ్గా చేయాలని పట్టుదల.

ఇక కిట్టు సంగతి. బ్లూటూత్ బరువు మిషను, బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు, సిమ్ వేసిన ఒక ట్యాబ్. పేషెంటు పొద్దున చూసుకుంటే అంకెలు మా కంప్యూటర్లో పడతాయి, హద్దు దాటితే ఎర్రగా వస్తుంది. నలుగురికి ఇచ్చి 10 రోజులు నడిపి చూశాం. 37 అలర్టులు వచ్చాయి. ప్రతిదానికీ నేనే ఫోన్ చేశాను. నిజంగా డాక్టరు గారు మందు మార్చాల్సి వచ్చినవి 2. మిగతావి ఎలాంటివంటే, ఒకాయన మిషన్ని గోనెసంచి మీద పెట్టి ఎక్కాడు. ఒకాయన ఒక రోజు పొద్దున లేవగానే, మర్నాడు భోజనం చేసి, చొక్కా, బెల్టు, సెల్‌ఫోనుతో సహా ఎక్కాడు. ఒకావిడకి ఆక్సిజన్ 84 అని పడితే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫోన్ చేస్తే మామూలుగానే మాట్లాడింది. అప్పుడే రొయ్యల షెడ్డు నుంచి వచ్చిందట, పొద్దుటి నుంచీ ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి. చేతులు వెచ్చబడ్డాక మళ్లీ పెట్టిస్తే 96.

ఇవన్నీ సర్దుకుంటాయి. నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. తొమ్మిదో రోజు రాత్రి 9:50కి ఒక అలర్టు పడింది. నా డ్యూటీ 8కి అయిపోయింది. నేను దాన్ని చూసింది మర్నాడు పొద్దున 7:30కి. ఆ రాత్రి ఆయనకి ఏమీ కాలేదు. కానీ "మిషను ఉంది కదా, సిస్టరు చూస్తూ ఉంటారు" అనే ధైర్యంతోనే ఆయన ఇంట్లో పడుకున్నారు.

కాబట్టి అడుగుతున్నాను. హద్దులు ఎంత పెట్టాలి? రాత్రి ఎవరు చూడాలి? నేను ఫోన్లో నీరు పోయే మాత్ర ఇంకొకటి వేసుకోమని చెప్పవచ్చా, ప్రతిసారీ డాక్టరు గారి కోసం ఆగాలా? అసలు కిట్టు లేకుండా నోటు పుస్తకం, ఫోనుతో మొదలుపెడితే తప్పా? ఇలాంటిది చేసినవాళ్లు, ఇంట్లో పేషెంటు ఉన్నవాళ్లు, ఎవరైనా చెప్పండి.

కోనసీమ ఆడపడుచు

సిస్టర్, నేను వైద్యం తెలిసినదాన్ని కాదు. మా అమ్మకి 68 ఏళ్లు, పంపింగ్ 35. రాజోలు దగ్గర పల్లెలో అన్నయ్య వాళ్లతో ఉంటుంది, నేను కాకినాడలో ఉంటాను. మాకు ట్యాబూ లేదు, కిట్టూ లేదు. మామూలు డిజిటల్ బరువు మిషను కొని అరుగు మీద బండరాయి పక్కన పెట్టాం. గోడకి తెలుగు క్యాలెండరు, దానికి దారంతో కట్టిన పెన్ను. అమ్మకి చదువు రాదు. అన్నయ్య కూతురు ఏడో తరగతి, స్కూలుకి వెళ్లేముందు మామ్మని మిషను ఎక్కించి ఆ రోజు గడిలో అంకె రాస్తుంది. వర్జ్యం, దుర్ముహూర్తం రాసి ఉన్న చోటే అమ్మ బరువు కూడా ఉంటుంది. రాసి ఫోటో తీసి నాకు వాట్సాప్ పెడుతుంది. ఏడు దాటినా ఫోటో రాకపోతే నేనే ఫోన్ చేస్తాను.

పోయిన మే నెలలో 51.2 ఉన్న మనిషి నాలుగు రోజుల్లో 53 అయింది. అడిగితే "నాకేం, బానే ఉన్నాను" అంటుంది. డాక్టరు గారికి ఫోటోలు పంపితే ఆయన ముందు అడిగిన మాట, "నొప్పుల మాత్రలేమైనా వేసుకుందా?" అని. అప్పుడు బయటపడింది. మోకాళ్ల నొప్పులని మంగళవారం ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లి ఒక ఇంజెక్షను చేయించుకుంది, ఐదు రోజులకి మాత్రలు తెచ్చుకుంది. ఆ మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయట, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు వాటి జోలికి పోకూడదట. దానికి తోడు అప్పుడే కొత్తావకాయ పెట్టారు. వేడన్నంలో కలిపి మా పిల్లలకి ముద్దలు పెడుతూ తనూ తినేది. మాత్రలు మానేసి, డాక్టరు గారు చెప్పినట్టు నీరు పోయే మందు కొన్ని రోజులు పెంచితే వారంలో మళ్లీ 51.5కి వచ్చింది. ఆస్పత్రిలో చేరాల్సిన పని లేకపోయింది.

మీరు ఫోన్ చేసినప్పుడు ఈ రెండూ తప్పక అడగండి, నొప్పుల మందు, ఊరగాయ. ఇంకోటి, పేషెంటుకి నేర్పడంతో సరిపెట్టకండి. ఆ ఇంట్లో అంకె చదివేదెవరో కనుక్కుని వాళ్లకి నేర్పండి. మా ఇంట్లో అయితే అది ఏడో తరగతి పిల్ల. దానికి ఒకసారి చెప్తే చాలు, మామ్మ చెప్పులు వేసుకుని ఎక్కినా ఊరుకోదు.

సీమ ఫిజీషియన్

సిస్టర్, 37లో 2 అన్న లెక్క జాగ్రత్తగా రాసి పెట్టుకోండి. మేనేజ్‌మెంటుతో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉండాల్సిన కాగితం అదే.

ఈ దారిలో పెద్ద ప్రయత్నాలు జరిగి దెబ్బతిన్నాయి కూడా. అమెరికాలో టెలి-హెచ్‌ఎఫ్ అని 1653 మందితో చేశారు, ఫలితాలు 2010లో వచ్చాయి. పేషెంటు రోజూ ఒక ఆటోమేటిక్ ఫోన్ లైనుకి కాల్ చేసి బరువూ, లక్షణాలూ చెప్పాలి. ఆర్నెల్ల తర్వాత చూస్తే మరణాల్లో గానీ మళ్లీ ఆస్పత్రిలో చేరడంలో గానీ తేడా లేదు. 14 శాతం మంది ఆ లైను ఒక్కసారి కూడా వాడలేదు. చివరికి వచ్చేసరికి వారానికి మూడుసార్లైనా వాడుతున్నవాళ్లు 55 శాతమే. తర్వాత కాలిఫోర్నియాలో బీట్-హెచ్‌ఎఫ్ అని 1437 మందితో, ఇంట్లో పరికరాలతో పాటు నర్సుల ఫోన్లు కూడా పెట్టి చేశారు. 2016లో వచ్చిన ఆ ఫలితం కూడా అంతే, 180 రోజుల్లో మళ్లీ చేరేవాళ్లు తగ్గలేదు.

2018లో జర్మనీ నుంచి టిమ్-హెచ్‌ఎఫ్2 వచ్చింది. బెర్లిన్‌లోని షారిటే ఆస్పత్రి వాళ్లు నడిపారు. అంతకుముందు ఏడాదిలో హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిలో చేరినవాళ్లనే తీసుకున్నారు, సుమారు 1550 మంది. రోజూ బరువు, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్, "ఈ రోజు ఒంట్లో ఎలా ఉంది" అన్న ప్రశ్నకి జవాబు. పరికరాలు అమెరికా వాళ్లు వాడినవాటికన్నా కొన్ని ఎక్కువే, కానీ పెద్ద తేడా అది కాదు. అవతల 24 గంటలూ డాక్టర్లు, నర్సులు కూర్చుని ఉన్నారు, పేషెంటు సొంత డాక్టరుతో మాట్లాడి అప్పటికప్పుడు మందు సర్దారు. అనుకోకుండా ఆస్పత్రి పాలవడం వల్లనో మరణం వల్లనో పోయిన రోజులు ఏడాదికి 24.2 నుంచి 17.8కి తగ్గాయి. మరణాలు ఏడాదికి నూటికి 11.3 నుంచి 7.9కి తగ్గాయి. మీ 9:50 అలర్టుకి జవాబు ఇందులోనే ఉంది. మీ ఆస్పత్రికి 24 గంటల డెస్కు పెట్టే స్తోమత లేకపోతే, లేదని పేషెంటుకి స్పష్టంగా చెప్పి, ఉన్న గంటల్లోనే గట్టిగా పనిచేయండి.

హద్దుల సంగతి. ఒక్క రోజులో కిలో దాటితే, మూడు రోజుల్లో 2 కిలోలు దాటితే అని అందరం చెప్తాం, మీ కిట్టులో కూడా అదే పెట్టి ఉంటారు. కానీ మీ చెరువు పెద్దాయన లెక్క ఒకసారి వేసి చూడండి. 11 రోజుల్లో 4.6 కిలోలు, సగటున రోజుకి 420 గ్రాములు. ఆ లెక్కన సమానంగా పెరిగి ఉంటే మూడు రోజులకి కిలోంబావు. ఆ రెండు హద్దుల్లో ఏ ఒక్కటీ ఆయన్ని పట్టుకునేది కాదు! కిట్టు ఉన్నా ఆయన అదే ఆటోలో వచ్చేవారు.

అందుకే నీరంతా తీశాక ఉన్న బరువుని, 'పొడి బరువు' అంటాం, ప్రతి పేషెంటుకీ విడిగా రాసుకోండి. ఆయనకి 58.4. దాని మీద కిలోన్నర దాటిందంటే, ఎన్ని రోజుల్లో దాటినా సరే, ఫోన్ చేయాలి. ఆ లెక్కన నాలుగో రోజే మీకు తెలిసేది, చేతిలో ఇంకో వారం ఉండేది. బరువు పెరగడం ఆస్పత్రిలో చేరడానికి కనీసం వారం ముందే మొదలవుతుందని 2007లో ఒక అమెరికా అధ్యయనం చూపించింది కూడా. ఆ వారమే మనకి పనికొచ్చేది.

తగ్గడం మీద కూడా హద్దు పెట్టండి. రెండు కిలోలు తగ్గి, లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే నీరు పోయే మందు ఎక్కువైందని అర్థం, కిడ్నీ దెబ్బతినే ప్రమాదం. ఎండాకాలంలో చెరువుల దగ్గర పనిచేసేవాళ్లకి ఇది తప్పక చూడాలి. కండ కరిగిపోతున్న ముసలివాళ్లలో ఆ తగ్గుదల చాటున నీరు పెరిగినా అంకె కదలదు, వాళ్లకి కాళ్లు నొక్కి చూడాల్సిందే. మూడు, నాలుగు నెలలకోసారి పొడి బరువు మళ్లీ సరిచూడండి.

ఇంకొక సంగతి, చాలామంది పట్టించుకోనిది. ఇంటి దగ్గరి బీపీ, పల్సు అంకెలతో మందులు త్వరగా పెంచుకోవచ్చు. స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్ అని 2022లో వచ్చింది. డిశ్చార్జి అయిన రెండు వారాల్లోపే మందుల్ని పూర్తి డోసుకి తెచ్చి దగ్గరగా చూసుకుంటే, 180 రోజుల్లో మరణం లేదా హార్ట్ ఫెయిల్యూర్‌తో మళ్లీ చేరడం 23.3 శాతం నుంచి 15.2 శాతానికి తగ్గింది. మన దగ్గర పేషెంటు బస్సెక్కి రాలేడని బీటా బ్లాకరు (గుండె వేగం తగ్గించే మందు) చిన్న డోసు మీదే ఏళ్ల తరబడి వదిలేస్తున్నాం. పల్సు 82, బీపీ 124 అని వారం రోజుల అంకెలు నా ముందుంటే నేను ధైర్యంగా పెంచుతాను. పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) రక్తపరీక్షలు మాత్రం చేయించాల్సిందే, వాటిని ఏ ట్యాబూ చెప్పదు.

లీడ్స్ నుంచి గుంటూరు నర్సు

హాయ్ అక్కా. నేను గుంటూరులో నర్సింగ్ చదివి ఇప్పుడు ఇంగ్లండ్‌లో హార్ట్ ఫెయిల్యూర్ టీమ్‌లో చేస్తున్నాను. ఇక్కడ తగిన కోర్సు చేసిన నర్సులు మందు డోసు మార్చవచ్చు, మన దగ్గర అలా కుదరదు. కాబట్టి మీ డాక్టరు గారితో ప్రతి పేషెంటుకీ విడిగా ఒక కాగితం రాయించి సంతకం తీసుకోండి. "పొడి బరువు ఇంత. ఇంత దాటితే, బీపీ ఇంతకన్నా ఎక్కువ ఉంటే, ఈ మాత్ర ఇన్ని రోజులు అదనంగా. తర్వాత ఈ రక్తపరీక్ష." నోటిమాట మీద మాత్రం ఒక్క మాత్ర కూడా చెప్పకండి, మీ డాక్టరు గారు ఎంత మంచివారైనా సరే.

ఫోన్లో "ఆయాసం ఉందా" అని అడిగితే మనవాళ్లు నూటికి తొంభై మంది లేదనే చెప్తారు. ఆయాసం వచ్చే పనులు అప్పటికే మానేసి ఉంటారు, అందుకని. మా అమ్మమ్మ దగ్గర నేను నేర్చుకున్నది చెప్తాను. రాత్రి తల కింద ఎన్ని దిండ్లు పెట్టుకున్నారు, మొన్నటి కన్నా ఎక్కువా? చెప్పుల పట్టీ బిగుతైందా? వంగి ముగ్గు వేస్తుంటే మధ్యలో లేవాల్సి వస్తోందా? ముందుకు వంగితే ఊపిరాడకపోవడం నీరు చేరుతోందనడానికి మంచి గుర్తు. అమ్మమ్మ ముగ్గు పెద్దది వేసే మనిషి, చుక్కలు తగ్గించుకుంటూ వచ్చింది. మేమెవరం గమనించలేదు. ఈ ప్రశ్నలు మీ పుస్తకంలో మొదటి పేజీలో అతికించుకోండి.

రాత్రి గురించి కిట్టు పెట్టె మూత మీదే తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. "ఈ అంకెలు పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకే చూస్తాం. పడుకోలేనంత ఆయాసం, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం ఉంటే ట్యాబ్ ముట్టుకోకండి, 108కి ఫోన్ చేయండి." మీరు సెలవు పెట్టిన రోజు ఎవరు చూస్తారో కూడా పేరుతో రాసి ఉండాలి. మీరొక్కరే చేస్తే రెండు నెలల్లో అలిసిపోతారు అక్కా, నేను చూశాను.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్

చిన్న మాట. కొనేముందు కంపెనీ వాళ్లని రెండు అడగండి. సిగ్నల్ లేనప్పుడు, కరెంటు పోయినప్పుడు రీడింగు ట్యాబ్‌లోనే ఉండి తర్వాత వెళ్తుందా, పోతుందా? రీడింగు రాని రోజు కూడా అలర్టు వస్తుందా? చాలా వాటిలో అంకె ఎక్కువైతేనే మోగుతుంది, అసలు అంకె రాకపోతే తెరంతా పచ్చగానే ఉంటుంది. పేషెంటు సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, వివరాలు ఎవరెవరు చూస్తారో అందులో రాయించండి.

డెల్టా సిస్టర్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆరు వారాలైంది, ఏం చేశామో చెప్తాను.

సీమ డాక్టరు గారు ఇక్కడ రాసిన రోజుకి 420 గ్రాముల లెక్క మా మీటింగులో బోర్డు మీద వేసి చూపించాను. మా ఫిజీషియన్ గారు అప్పటికప్పుడు పెన్ను తీసి పొడి బరువు కాలం డిశ్చార్జి కాగితంలోనే చేర్పించారు. కిట్లు 20 తీసుకోలేదు, 8 తీసుకున్నాం. అవి ఏడాదిలో రెండుసార్లు చేరినవాళ్లకి. మిగతావాళ్లకి మామూలు బరువు మిషను, తెలుగు క్యాలెండరు, దారం కట్టిన పెన్ను. మేనేజ్‌మెంటు అందరికీ క్యాలెండర్లు కొనిచ్చింది. ఇంకో సిస్టర్ని నాకు తోడిచ్చారు. 8 నుంచి 8 బోర్డు పెట్టాం. సంతకాల కాగితాలు 23 మందికి పూర్తయ్యాయి, ఇంకా కొందరివి కార్డియాలజిస్టు గారు వచ్చే రోజు కోసం ఆగాయి.

రీడింగు రాని రోజు సంగతి నాకు తట్టనే లేదు. అడిగితే మా కిట్టులో ఆ అలర్టు లేదన్నారు. ఇప్పుడు పొద్దున 9కి మేమే లిస్టు చూసి, అంకె రానివాళ్లకి ముందు ఫోన్ చేస్తున్నాం. ఈ ఆరు వారాల్లో ఇద్దరిని అలాగే పట్టుకున్నాం, ఇద్దరూ మిషను ఎక్కే ఓపిక లేక మానేసినవాళ్లే.

చెరువు పెద్దాయనకి కిట్టు ఇవ్వలేదు, అక్కడ సిగ్నల్ ఉండదు. మిషను, క్యాలెండరు ఇచ్చి నేనే వెళ్లి చెరువు గట్టు మీది షెడ్డులో మేతబస్తాల పక్కన సిమెంటు నేల చూసి పెట్టి వచ్చాను. ఆయన భార్య పొద్దున మేత జల్లే కుర్రాడి చేత ఫోన్ చేయిస్తుంది. నిన్న 60.1 అని చెప్పాడు. హద్దు 59.9. ముగ్గు ప్రశ్న ఆయనకి పనికిరాదని, "బాబాయ్, వంగి చెక్‌ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) పైకి లాగగలుగుతున్నారా" అని అడిగాను. కాసేపు ఆగి, "రెండు రోజుల్నుంచీ కుర్రాడే లాగుతున్నాడమ్మా" అన్నారు. మోకాళ్లకి మాత్రలేమీ వేసుకోలేదు. మొన్న బంధువుల ఇంట్లో పెళ్లి, రెండు పూటలా అక్కడే భోజనం. కాగితం ప్రకారం మాత్ర అదనంగా మూడు రోజులు చెప్పి, డాక్టరు గారికి మెసేజ్ పెట్టాను. ఈ రోజు పొద్దున 6:40కి 59.5. శుక్రవారం రక్తపరీక్షకి రమ్మన్నాను, ఆటో కుర్రాడితో కూడా మాట్లాడాను.